బక్కమ్మ ఇచ్చిన చింతబరిగె

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇంకా పూర్తిగా లొంగలేదు. యాభై రెండో ఏట పలక పట్టినదాన్ని. ఒక పేజీ నిండాలంటే నాకు ఒక పూట పడుతుంది. పోయిన వారం ఈ కథ మీకు అందకపోవడానికి కారణం అదే. తప్పులు కనబడితే దిద్దుకుని చదవండి. సువార్తమ్మను మాత్రం మధ్యలో విడిచిపోకండి.

*

“ఆ ఇంటికి నువ్వు పోతేనే పనయితది చెల్లె,” అన్నాడు వకీలు రాజేశ్వర్ రావు.

సువార్తమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో చాయ్ గ్లాసుల పళ్లెం అట్లాగే ఉంది. ఎవరికైనా ఇయ్యాలన్న సోయి ఆమెకు లేదు.

ముందు అర్రలో ముగ్గురు మగవాళ్లు. భర్త సుందర్ రావు మంచం పట్టె మీద తల వంచుకుని కూర్చున్నాడు. మూడు రోజుల గడ్డం. అతని అన్న జ్ఞానప్రకాశం కుర్చీలో ఉన్నాడు. నిరుడే హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి, ఇంకా గొంతు తగ్గలేదు. వకీలు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఒడిలో కాగితాలు సర్దుకుంటున్నాడు.

“నేను పోయి ఏమని చెప్పాలె?” అంది సువార్తమ్మ. “మా ఆయన మీ పిల్ల చెవు పలగ్గొట్టిండు, జర మాఫ్ చెయ్యిండ్రి అని చెప్పాలెనా?”

“సువార్తా!” అన్నాడు జ్ఞానప్రకాశం.

“తప్పేమున్నది బావగారూ? మీరంత మూడు దినాల సంది గదే మాటను నోట్లె తిప్పుతాన్రు. నేను బయటికి అన్న.”

సుందర్ రావు తల ఎత్తలేదు.

సోమవారం నాడు ఆరో తరగతి గదిలో అతని చెయ్యి సారక్క అనే పదకొండేళ్ల పిల్ల చెంప మీద పడింది. పిల్ల ఎడమ చెవిలో నుంచి నెత్తురు వచ్చింది. బడి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి పోలీసు ఠాణాకు కబురు పోయింది. నిన్న సస్పెన్షన్ కాగితం ఇంటికి వచ్చింది. రేపు పొద్దున పది గంటలకు విద్యాశాఖ ఆఫీసులో విచారణ. అక్కడ పెద్దసారు ఏం రాస్తే దాన్ని బట్టే పోలీసులు కేసు కడతారట, లేకుంటే మూసేస్తారట.

సువార్తమ్మకు మాత్రం మనసులో ఇంకా సోమవారమే నడుస్తున్నది. క్రిస్మస్‌కు ఇంట్లో కోడిని కోయడానికి పక్కింటివాళ్లను పిలిచే మనిషి ఇతడు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఆమె మీద గాని, హాస్టల్లో చదివే ఇద్దరు పిల్లల మీద గాని ఒక్కనాడు చెయ్యి లేపలేదు. బడిలో మాత్రం కొడతాడని ఆమెకు తెలుసు. తెలుసు అంటే, ఎండాకాలం ఎండ ఉంటుందని తెలిసినట్టు తెలుసు. దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

“జర కూసో చెల్లె, చట్టం చెప్త,” అన్నాడు వకీలు. “పీనల్ కోడ్‌ల ఎనభై తొమ్మిది అని ఒక సెక్షన్ ఉన్నది. పన్నెండేండ్ల లోపు పిల్లల మేలు కోరి, పెంచెటోళ్లు ఒప్పుకున్నంక చేసిన పని నేరం గాదు. పిల్లకు పదకొండే. బడిల చేర్పించింది నాయనమ్మ బక్కమ్మ. రిజిష్టర్‌ల ఆమె వేలుముద్రనే ఉన్నది. చేర్పించిన్నాడు చింతబరిగె తెచ్చి సుందర్ రావు చేతిల పెట్టింది. కొట్టి చెప్పుమన్నది. ఇరవై మంది చూసిన్రు.”

“పిల్లను కొట్టుమని పెద్దలు చెప్తే కొట్టొచ్చని చట్టమే రాసిందా?”

“మేలు కోసం.”

“చెవుల నెత్తురు ఏం మేలు?”

జ్ఞానప్రకాశం కుర్చీలో ముందుకు జరిగాడు. “నేను ముప్పై మూడేండ్లు పని చేసిన సువార్తా. కొట్టకుంట ఎవడు చదివిండో చూపెట్టు. మా సారు నన్ను గోడకుర్చీ ఏయించిండు. గందుకే గింతటోన్నయిన. అయినా బడిల కొట్టుడుకు కూడ లెక్కున్నది. రూల్స్ బుక్కుల స్పష్టంగ రాసున్నది. అరచేతి మీద, ఆరు దెబ్బలు, హెడ్‌మాస్టర్ ముందర. అంతకు మించద్దు.”

సువార్తమ్మ పళ్లెం కింద పెట్టింది.

“ఆరా?”

“ఆ, ఆరు.”

“ఆరని ఎవలు లెక్కబెట్టిన్రు బావగారూ? ఐదు తక్కువయి, ఏడు ఎక్కువయి, ఆరు సరిపోయిందని ఏ పిల్ల చేతి మీద కొట్టి చూసిన్రు?”

వకీలు చాయ్ గ్లాసు అందుకుని, చల్లారిందని తెలిసి కూడా తాగాడు.

అట్లాంటి లెక్క ఒకటి ఎక్కడో పుస్తకంలో అచ్చయి ఉందని, దాని కింద తన ఇల్లు ఇన్నేళ్లు నడిచిందని సువార్తమ్మకు అప్పుడే తెలిసింది. తను వండిన అన్నం, పిల్లల ఫీజులు, కట్టుకున్న ఈ చీర. అన్నీ.

ఆమె భర్త ముందుకు పోయి నిలబడింది.

“మీరు చెప్పుండ్రి. ఎందుకు కొట్టిండ్రు? ఆ పిల్ల ఏం చేసింది?”

సుందర్ రావు నోరు తెరిచాడు. “భాగహారం చెప్తాన్న. లేపి అడిగిన. మొకం తిప్పుకుంది. మళ్ల అడిగిన, మళ్ల తిప్పుకుంది. నా దిక్కు చూడుమన్న. చూడకుంట అటే తిప్పుకుంది. వెనక నుంచి ఎవరో నవ్విన్రు. క్లాసంత నవ్వింది. అప్పుడు...”

“అప్పుడు?”

“చెయ్యి లేసింది.”

తన చెయ్యి కానట్టు, అది ఎవరిదో వచ్చి తగిలినట్టు చెప్పాడు.

“మీ కొలువు పోతదా?” అని వకీలును అడిగింది.

“ముసలమ్మ ఒప్పుకున్నట్టు కాయిదం మీద వేలుముద్ర లేకుంటే కొలువు పోతది. జైలు సుత కావచ్చు. ముద్ర ఉంటే పదిహేను దినాలల్ల మళ్ల బడికి పోతడు. పిల్ల తండ్రి రాజమల్లు మార్కెట్ల హమాలీ. ఆయన నా మాట వినెటట్టు లేడు, నిన్న నా మీదికి కొట్టెటట్టు వచ్చిండు. పగటిపూట ఇంట్ల ఉండడు. నువ్వు ఆడదానివి, పోయి ముసలమ్మతోటి మాట్లాడు. కాయిదం నేను రాసే పెట్టిన.” నాలుగు మడతల కాగితం, చిన్న ఇంకు డబ్బీ ఆమె చేతిలో పెట్టాడు. “చదివి వినిపించు. ముద్ర ఏయించుకొని రా. అంతే.”

సువార్తమ్మ భర్త వైపు చూసింది. వద్దు అంటాడేమోనని చూసింది.

సుందర్ రావు నేల వైపు చూస్తూ అన్నాడు. “రిక్షాల పో. ఎండ ఉన్నది.”

*

రంగశాయిపేటలో రాజమల్లు ఇల్లు ఎవరిని అడిగినా చూపించారు. “చెవి పోయిన పిల్ల ఇల్లా?” అని ఒకామె వెనక్కి అడిగింది. మూడు రోజుల్లో ఇంటి పేరు మారిపోయింది.

వాకిట్లో సారక్క కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. రెండు జడలు, ఎడమ చెవిలో దూది. రిక్షా ఆగినా, సువార్తమ్మ చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చినా తల ఎత్తలేదు.

“సారక్కా,” అంది సువార్తమ్మ.

పిల్ల రాయి ఒకటి తీసి పక్కన పడేసింది.

ఎడమ చెవిలో దూది ఉంది కదా, రెండో వైపు నుంచి పలకరిద్దామని సువార్తమ్మ కుడి వైపుకు వచ్చి వంగింది. “ఎట్లున్నది బిడ్డా? నొప్పి తగ్గిందా?”

పిల్ల బియ్యం ఏరుతూనే ఉంది. సువార్తమ్మ నీడ చాట మీద పడ్డాక ఉలిక్కిపడి పైకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎవరో కొత్త మనిషి ఎప్పుడొచ్చిందా అన్నట్టు ఉంది.

“పిలువకు. వినదు.”

ఆ మాట అన్నది పిల్ల తల్లి కట్టమ్మ. గుమ్మంలో నీళ్ల బకెట్‌తో నిలబడి ఉంది. “ఎవలు నువ్వు?”

“సుందర్ రావు సారు భార్యను చెల్లె.”

కట్టమ్మ మొహంలో రంగు మారింది. “చెల్లెలా? ఎవలకు చెల్లె? మీ ఆయన సారయితే గిప్పుడు నువ్వు అక్కవైతవా? ఇగో, మా ఆయన ఇంట్ల లేడు, గందుకని బతికిపోయినవ్. పో.”

“ఎవలే కట్టమ్మా?” లోపలి నుంచి నాయనమ్మ బక్కమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. వంగిన నడుము, నుదుటి మీద పసుపు. “సారోళ్ల ఇంటామెనా? రా బిడ్డా, కూసో. గోనెపట్టా ఎయ్యే కట్టమ్మా.”

“కూసోవెట్టి కాళ్లు గడుగుదామా అత్తా? గడుగు. నీకు సారంటే దేవుడాయె.”

“నోరు ముయ్యి. ఇంటికి వచ్చిన మనిషి.”

పట్టా ఎవరూ వేయలేదు. సువార్తమ్మ ఉత్త నేల మీదే కూర్చుంది. తెచ్చిన అరటిపండ్లు పక్కన పెట్టింది. కట్టమ్మ వాటి వైపు చూడలేదు.

“దవాఖానల ఏమన్నరు?” అని అడిగింది సువార్తమ్మ.

“పొర పలిగిందట. మానుతదో మానదో చెప్పలేమన్నరు,” అంది కట్టమ్మ. “మందు రాసిచ్చిన్రు. నీకు ఎందుకు?”

ముసలామె సువార్తమ్మ చెయ్యి పట్టుకుంది. “తప్పు నాదే బిడ్డా. మీ సారును ఏమనకు.”

“నీదెట్లయితది అవ్వా?”

“జూన్ల పిల్లను బడికి నేనే దోల్కపోయిన. కొబ్బరికాయ, బెల్లం, పుట్నాలు, ఒక చింతబరిగె. బరిగెకు ఆకు దూసి, నిప్పుల మీద చూపెట్టి, ఆముదం రాసిన. ఇరుగకుంట ఉంటది గదా. సారు చేతిల పెట్టి, కండ్లు రెండు ఇడిసిపెట్టు సారూ, తతిమ్మ పిల్ల నీదే అన్న. మా అత్త నా పెనిమిటిని చేర్పించినప్పుడు గట్లనే అన్నదట. మా రాజమల్లప్పుడు నేను గట్లనే అన్న. అందరం గట్లనే అంటం.” బక్కమ్మ గొంతు సన్నబడింది. “కండ్లయితే యాదికున్నయి బిడ్డా. చెవులు యాదికి రాలే.”

సువార్తమ్మ ఆమె మొహం వైపు చూడలేకపోయింది. అరవై అయిదేళ్ల మనిషి, తను చెప్పిన మాటలో ఒక అవయవం మరిచిపోయానని కుములుతోంది. ఆ మాట తప్పు అని కాదు. ఇంకో రెండు కలిపి చెప్పాల్సిందని.

“చెప్పు, ఎందుకొచ్చినవ్?” అంది కట్టమ్మ.

సువార్తమ్మ కాగితం బయటికి తీసింది. “ఒక కాయిదం ఉన్నది అవ్వా. రేపు ఆఫీసుల ఇయ్యాలె. నువ్వు వేలుముద్ర ఎయ్యాలె. ముందుగాల చదువుత, విను.”

“చూసినవా అత్తా, చూసినవా!” కట్టమ్మ బకెట్ దబ్బున దించింది. “అరటిపండ్లు ఎందుకో గిప్పుడు సమజైందా?”

“చదవనియ్యే.”

సువార్తమ్మ మడతలు విప్పి చదవడం మొదలుపెట్టింది. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. వకీలు రాత గొలుసు గొలుసుగా ఉన్నా చదవగలిగింది.

“వరంగల్లు, రంగశాయిపేట నివాసి బక్కమ్మ అను నేను వ్రాయించి ఇచ్చినది ఏమనగా, నా మనుమరాలు సారక్కను బడిలో చేర్చిన నాడే, అవసరమైన ఎడల కొట్టి బుద్ధి చెప్పవలసినదిగా ఉపాధ్యాయుని కోరియున్నాను...”

“ఔ, అన్న,” అంది బక్కమ్మ. “నిజమే.”

“ఇది పిల్ల మేలు కోరి నా ఇష్టముతో చెప్పిన మాట...”

“ఔ.”

తరువాతి పంక్తి దగ్గర సువార్తమ్మ ఆగిపోయింది.

కళ్లు ముందుగా పోయాయి, గొంతు వెనక ఉండిపోయింది. మళ్లీ ఒకసారి కళ్లతోనే చదివింది. ఇదా ఆ నాలుగు మడతల్లో దాచి ఇచ్చింది? చెంపదెబ్బకు చట్టం ఒప్పుకుంటుంది గాని, చెవి పోతే ఒప్పుకోదేమో. అందుకే ఈ మాట. ఇది తన భర్తకు తెలుసా? రిక్షాలో పొమ్మని చెప్పినప్పుడు తెలుసా?

“ఆగినవేంది బిడ్డా?”

ఆ ముగ్గురిలో చదువు వచ్చింది సారక్క ఒక్కదానికే. ఆ పిల్ల తల వంచుకుని బియ్యం ఏరుతోంది. ఈ ఒక్క పంక్తి మింగేస్తే అడిగేవాళ్లు లేరు. ముసలామె ఇప్పటికే బొటనవేలు కొంగుకు తుడుచుకుంటోంది. ముద్ర పడితే పదిహేను రోజుల్లో సుందర్ రావు మళ్లీ బడికి పోతాడు. పిల్లల ఫీజు కట్టొచ్చు. ఆదివారం చర్చిలో తలెత్తుకుని కూర్చోవచ్చు.

సువార్తమ్మ కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

“సదరు బాలికకు,” అని చదివింది, “చిన్నతనము నుండియే చెవి వినికిడి లోపము కలదు.”

కట్టమ్మ అరుస్తుందని, కాగితం లాక్కుని చింపేస్తుందని అనుకుంది. అంతకూ సిద్ధపడే చదివింది.

కట్టమ్మ అరవలేదు. అత్త వైపు చూసింది. అత్త కోడలి వైపు చూసింది. ఆ ఇద్దరి మధ్య ఒక భయం అటు నుంచి ఇటు పోయింది.

“ఈ సంగతి మీకెవలు చెప్పిన్రు?” అంది కట్టమ్మ, గుసగుసగా.

సువార్తమ్మకు అర్థం కాలేదు. “ఏ సంగతి?”

“చెవి సంగతి. మా ఇంట్ల ముగ్గురికి తప్ప ఎవలకు ఎరుక లేదు. నా తల్లిగారోళ్లకు సుత చెప్పలే. నీకెవలు చెప్పిన్రు?”

సువార్తమ్మ కాగితం మీద ఆ పంక్తికి వేలు ఆనించింది.

“ఇది... ఇది వకీలు కల్పించి రాసిండు,” అంది సువార్తమ్మ. “నిజమా?”

బక్కమ్మ మెల్లగా చెప్పింది. “మూడేండ్ల పిల్లప్పుడు తట్టు పోసింది బిడ్డా. చెవుల చీము గారింది. పసరు పోసినం, నూనె పోసినం. కుడి చెవి పోయింది. చెవిటి పిల్ల అని ఎరుకైతే బడిల తీసుకుంటరా? రేపు ఇంకొకల ఇంటికి పోయే పిల్ల. గందుకని దాచినం. దానికి సుత చెప్పినం, ఎవలకు చెప్పకు అని.”

“మరి బడిల ఎట్ల ఇనేది?”

“మంచిగనే ఇనేది. ఎడమ చెవి మంచిగుండె,” అంది కట్టమ్మ. “ఎవలన్న మాట్లాడితే ఎడమ చెవి వాళ్ల దిక్కు పెట్టేది. గిట్ల.”

కట్టమ్మ తల కుడి వైపుకు తిప్పి చూపించింది. ఎడమ చెవి సువార్తమ్మకు ఎదురుగా వచ్చింది. మొహం అటు పోయింది.

సువార్తమ్మ కాగితాన్ని ఒడిలోకి దించింది.

మొకం తిప్పుకుంది అన్నాడు ఆయన. మళ్ల అడిగిన, మళ్ల తిప్పుకుంది.

వినడానికి తిప్పింది. ఆయన మాట ఒక్కటి కూడా జారిపోకూడదని, ఉన్న ఒక్క చెవిని తీసుకుపోయి ఆయన చేతికి ఎదురుగా పెట్టింది. గట్టిగా అడిగిన కొద్దీ ఇంకా తిప్పింది.

“అయ్యో ప్రభువా,” అంది సువార్తమ్మ. కుడి పక్కకు వంగి తను పలకరించినప్పుడు ఆ పిల్ల ఎందుకు పలకలేదో అప్పుడు అర్థమైంది. “అంటే ఇప్పుడు రెండు...”

“ఔ,” అంది కట్టమ్మ. అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయి, గొంతు బోసిపోయింది. “మూడు దినాల సంది నేనే సైగలు చేస్తాన్న.”

ఏం జరిగిందో సువార్తమ్మ వాళ్లకు చెప్పింది. దాచలేదు. తన భర్త అన్న మాట అన్నట్టే చెప్పింది. కట్టమ్మ చెంగు నోట్లో కుక్కుకుని గోడకు తిరిగింది. బక్కమ్మ మాత్రం కదలకుండా విన్నది.

“సారుకు తెల్వదు గదా,” అంది చివరికి. “మేము చెప్పకపోతిమి. తెలిస్తే కొడుతుండెనా?”

“తెలిస్తే కొట్టకపోయెటోడు అత్తా!”

“గదే అంటాన్న. ఇటు తే బిడ్డా, ముద్ర ఏస్త.”

“ఎయ్యద్దు! ఏస్తే నీ కొడుకు నిన్ను ఇంట్ల ఉంచడు!”

“ఉంచకపోతే మేడారం పోయి అమ్మలకాడ పడుంట. నేను అనంది అన్ననని రాస్తే ఎయ్య. అన్న మాటనే రాసిన్రు. చెవి సుత నిజమేనాయె.” ముసలామె వేలు చాపి, అంతలోనే ఆపింది. “అవునమ్మా, ఏ చెవో రాసిన్రా అండ్ల?”

సువార్తమ్మ కాగితం చూసింది. చెవి అని ఉంది. అంతే.

“రాయలే అవ్వా.”

“మరి గట్లెట్ల? చదివినోళ్లు సారు కొట్టిందే పాత చెవి అనుకోరా? రాయి. కుడిది తట్టుతోని పోయింది, ఎడమది మంచిగుండె, సారు కొట్టింది ఎడమదాని మీద. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏస్త. నాకు చదువు రాదు. నువ్వే రాయాలె.”

కట్టమ్మ గోడ దగ్గర నుంచి ఇటు తిరిగింది. ఇద్దరూ సువార్తమ్మనే చూస్తున్నారు.

పర్సులో పెన్ను ఉంది. ఇప్పుడున్న కాగితం ఆమె భర్తను విడిపిస్తుంది. ఈ ముసలామె చెప్పిన రెండు ముక్కలు చేరితే, అదే కాగితం అతన్ని పట్టిస్తుంది. ఆ రెండు ముక్కలు రాయాల్సింది ఇంకెవరో కాదు.

ఆమె మోకాలి మీద పర్సు పెట్టి, పర్సు మీద కాగితం పెట్టి రాసింది. చేతిరాత వంకర పోయింది. రాసినదాన్ని గట్టిగా చదివి వినిపించింది. అప్పుడు బక్కమ్మ వేలు ఇంకు డబ్బీలో అద్ది, కాగితం కింద నొక్కింది.

సువార్తమ్మ లేచి బయటికి వస్తుంటే సారక్క తల ఎత్తింది. ఏదో చెప్పబోతున్నదేమో అనుకుని, ఎడమ చెవి ఆమె వైపుకు తిప్పింది. దూది పెట్టిన చెవి.

సువార్తమ్మ కాగితాన్ని పర్సులో పెట్టుకుని రిక్షా వైపు నడిచింది.

*

ఆమె ఇంటికి వచ్చేసరికి మూడయింది. ముగ్గురూ ఎక్కడి వాళ్లు అక్కడే ఉన్నారు.

“ఏసిందా?” అన్నాడు సుందర్ రావు. మూడు రోజుల్లో తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

“ఏసింది.”

జ్ఞానప్రకాశం దేవునికి స్తోత్రం అన్నాడు. వకీలు నవ్వుతూ చెయ్యి చాపాడు. “నేను చెప్పలేదా, ఆడది పోతేనే...” కాగితం విప్పి పైనుంచి కిందికి చదువుతూ వచ్చాడు. నవ్వు ఆగింది.

“ఈ మాటలు ఎవలు చేర్చిన్రు?”

“నేనే.”

“నీకు పిచ్చి లేసిందా చెల్లె? ముద్ర తెమ్మంటే కేసు తెచ్చినవ్! ఇది బయట పడితే చెంపదెబ్బ గాదు. ఉన్న ఒక్క చెవి తీసిండని రాస్తరు. దీనికి ఏ సెక్షన్ల మాఫీ లేదు.”

“ఏం రాసింది?” అన్నాడు సుందర్ రావు. “ఇటు ఇయ్యిండ్రి.”

చదివాడు. మొదటిసారి తొందరగా చదివాడు. రెండోసారి ఒక్కొక్క మాట మీద ఆగాడు.

“మొకం తిప్పుకుంది అన్నరు గదా,” అంది సువార్తమ్మ. “అది వినేతందుకు తిప్పింది. మీరు ఏం అడుగుతాన్రో వినాలని.”

సుందర్ రావు ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి. ఏదో లెక్క చేసుకుంటున్నట్టు కుడి చేతిని ఒకసారి, తన ఎడమ చెవిని ఒకసారి ముట్టుకున్నాడు. తరువాత మంచం మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అన్న భుజం మీద చెయ్యి వేయబోతే తోసేశాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

సువార్తమ్మకు మూడు రోజుల తరువాత ఊపిరి ఆడింది. తన మనిషి తనకు మళ్లీ దొరికాడు అనుకుంది. కొలువు పోతే పోనీ, కూలికి పోదాం, రేపు ఇద్దరం పోయి ఆ ముసలామె కాళ్ల మీద పడదాం. ఆమె మనసులో అన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి. కొంగుతో అతని మొహం తుడవాలని ఒక అడుగు ముందుకు వేసింది.

సుందర్ రావు తలెత్తాడు. ముక్కు చీదుకున్నాడు. కళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

“రాజేశ్వర్ రావ్ సార్,” అన్నాడు. “మీ తాన ఇంకో కాయిదం ఉన్నదా?”

ఆమె సరిగ్గా విన్నదో లేదో ఆమెకు తెలియలేదు.

“ముందు రాసినట్టే రాయిండ్రి. అక్షరం తేడా లేకుంట. ఈసారి నేనే పోత. ముసలమ్మ నా మాట కాదనది.”

వకీలు ఆమె వైపు చూడకుండా సంచిలో నుంచి తెల్ల కాగితం తీశాడు. జ్ఞానప్రకాశం గొంతు సవరించుకుని కిటికీ బయటికి చూడడం మొదలుపెట్టాడు.

మంచం మీద పడి ఉన్న కాగితాన్ని సువార్తమ్మ అందుకుంది. మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

“అది ఇటియ్యి సువార్తా,” అన్నాడు సుందర్ రావు. లేచి, ఆమె ముందుకు వచ్చి, చెయ్యి చాపాడు.

చెయ్యి లేపలేదు. చాపాడు, అంతే. కానీ ఆమె కాళ్లు ఆమెను అడగకుండానే ఒక అడుగు వెనక్కి వేశాయి. భుజం పైకి లేచి చెవికి అడ్డం వచ్చింది.

పద్దెనిమిదేళ్లలో అట్లా జరగడం అదే మొదటిసారి.

అది అతను కూడా చూశాడు. చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

*

— గాదె పూలమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు హసన్‌పర్తిలో, చిన్న కోడలి దగ్గర ఉంటున్నాను.